హెచ్చరిక గంట

మా ఆవిడ బధిరుల పాఠశాలలో టీచరు. ఆవిడ బాబాయి, అంటే మా చిన్న మామగారు, తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. అందరికీ మాస్టారు. జిల్లాలో ఎక్కడ వక్తృత్వ పోటీ పెట్టినా న్యాయనిర్ణేతల బల్ల దగ్గర నడిమి కుర్చీ ఆయనదే. బాబాయికీ కూతురికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే మాత్రం నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. అల్లుడికి అక్కడ నోరుండదు.

కిందటేడు డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, మా ఊళ్లో వినికిడి లోపం ఉన్న పిల్లలకు వక్తృత్వ పోటీ జరిగింది. అంశం మన బడుల్లో అరిగిపోయిన రికార్డే: ‘సెల్‌ఫోన్ వరమా, శాపమా?’ ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నాలుగో నిమిషంలో హెచ్చరిక గంట, ఐదో నిమిషంలో ఆఖరి గంట. గంట మాస్టారి చేతిలో ఉంది. మా ఆవిడ బడి నుంచి వెళ్లిన తొమ్మిదో తరగతి కుర్రాడు సైగల భాషలో ప్రసంగించాడు. వాడి సైగలను మైకులో తెలుగు చేసి చెప్పింది మా ఆవిడే. మొదటి బహుమతి కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న ఒక ఏడో తరగతి అమ్మాయికి వచ్చింది. ఆ పిల్ల నోటితోనే మాట్లాడింది. మనవాడికి సమయం మీరిందని ఐదు మార్కులు కోసేశారు. మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ఆ తరవాతి ఆదివారం మాస్టారు పెసరట్టు తినడానికి వచ్చారు. అట్టు చల్లారిపోయింది. ఆ మాటలివి.

మా ఆవిడ: బాబాయ్, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. చెవులు వినపడని పిల్లాడికి గంట కొట్టావేం?

మాస్టారు: వాడొక్కడికే కొట్టానా? అందరికీ కొట్టాను. నియమం అందరికీ ఒకటే.

మా ఆవిడ: వినపడటం అందరికీ ఒకటి కాదుగా.

మాస్టారు: ఆ అమ్మాయికి వినపడింది. మొదటి గంటకే సర్దుకుని ముగింపులోకి వచ్చేసింది. మిషన్ పెట్టుకున్న ఇంకో ఇద్దరికీ వినపడింది. ఇక నీ శిష్యుడంటావా, వాడికెదురుగా నువ్వు నిలబడ్డావు. నీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. నువ్వు చెప్పొచ్చుగా?

మా ఆవిడ: రెండుసార్లు సైగ చేశాను. వాడు నా వంక చూస్తేగా! వక్త చూపు సభ మీద ఉండాలి, దిక్కులు చూస్తే మార్కులు పోతాయని పోటీకి ముందు పిల్లలందరికీ చెప్పిందెవరు?

(పేపరు తిప్పాను. ఆ ఉపదేశం నేనూ విన్నాను. పావుగంట సాగింది. దాన్ని సైగల్లోకి మార్చి పిల్లలకు చెప్పింది కూడా మా ఆవిడే.)

మాస్టారు: సరే, గంట సంగతి ఒప్పుకుంటాను. పొరపాటే. వచ్చే ఏడు నాలుగో నిమిషంలో పచ్చ కాగితం, ఐదో నిమిషంలో ఎర్ర కాగితం చూపిద్దాం. కానీ ఐదు మార్కులు కలిపినా వాడికి మొదటి బహుమతి రాదు. లెక్క వేసి చూశాను.

మా ఆవిడ: చూశావన్నమాట!

మాస్టారు: ఇంటికెళ్లాక చూశాను. మనసొప్పక. రెండో స్థానం వచ్చేది.

మా ఆవిడ: మరి మిగతా మార్కులు ఎక్కడ పోయాయో కూడా చూశావా? ఆ మార్కుల కాగితంలో ఏముంది? విషయానికి ముప్పై, ఉచ్చారణకు ఇరవై, స్వర గాంభీర్యానికి ఇరవై. డెబ్బైలో నలభై గొంతుకే పోయాయి. నోరు మెదపని పిల్లాడికి ఉచ్చారణ కింద ఎన్ని వేశావు?

మాస్టారు: పది. ఏం వెయ్యాలో తోచక సగం వేశాను. సున్నా వెయ్యబుద్ధి కాలేదు.

మా ఆవిడ: జాలి పడి పది వేశావు. వాడికి నిజంగా ఎన్ని రావాలో నీకు తెలీదు. పదహారు రావచ్చు, ఏడే రావచ్చు. సైగకూ ఉచ్చారణ ఉంటుంది బాబాయ్. వేళ్లు ఏ ఆకారంలో ఉన్నాయి, ఒంటి మీద ఏ చోట పెట్టాడు, ఎటు కదిపాడు, ఈ మూడింటిలో ఏది చెడినా మాట మారిపోతుంది. అరచెయ్యి ఎటు తిరిగిందన్నదీ చూడాలి. 1960లో విలియం స్టోకీ అని అమెరికాలో ఓ ఇంగ్లిషు ప్రొఫెసరు, వాళ్ల సైగల భాషను విడగొట్టి, అక్షరాల్లాంటి భాగాలున్నాయని చూపించాడు. అంతకుముందు చాలామంది దాన్ని మూకాభినయం అనుకునేవారు.

మాస్టారు: నాకూ అలాగే అనిపించింది సుమా. కూచిపూడిలో హస్తాలు పట్టినట్టు.

మా ఆవిడ: అదే పొరపాటు. హస్తాలకు పక్కన పాట ఉంటుంది, అర్థం పాట చెబుతుంది. వీడికి పాట లేదు. చెయ్యే మాట. మా బడిలో ఒక పిల్ల ఉంది, తొందరలో వేళ్లు సరిగా విప్పదు. మేం దాన్ని ‘ముద్దగా మాట్లాడకే’ అని తిడతాం. వీడు చాలా స్పష్టంగా మాట్లాడతాడు. వేదిక మీదైతే చేతులు కాస్త పెద్దగా, నిదానంగా ఆడించాలి, వెనక వరసకు తెలియడానికి. అది కూడా చేశాడు. నీకు కనపడలేదు.

మాస్టారు: ఆ భాష నాకు రాదు కనక కనపడలేదు. రాని భాషలో ఎలా చెప్పాడో నేనెలా తూచను?

మా ఆవిడ: నేనడిగేదీ అదే! రాని భాషకు నిన్ను న్యాయనిర్ణేతగా ఎవరు కూర్చోమన్నారు?

ఇక్కడ మాస్టారు మంచినీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టి, పండితుడు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

మాస్టారు: దానికి నిఘంటువు ఉందా?

మా ఆవిడ: ఉంది. ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన శిక్షణ కేంద్రం 2015లో పెట్టారు. 2018లో మూడు వేల మాటలతో మొదలుపెట్టి 2021కి పది వేలకు తెచ్చారు. కాగితం మీద కాదు, వీడియోల్లో.

మాస్టారు: వ్యాకరణం?

మా ఆవిడ: ఉంది. ‘నీ పేరేమిటి’లో ఏమిటి అన్న సైగ చివర వస్తుంది. కాదు, లేదు అన్నవీ చివరే. క్రియ మన తెలుగులోలాగే ఆఖర్న పడుతుంది. ప్రశ్నా, మామూలు మాటా అన్నది మొహం మీద తెలుస్తుంది. మొహం కదపకుండా చేతులాడిస్తే విరామ చిహ్నాలు లేకుండా రాసినట్టుంటుంది.

మాస్టారు: అయితే అది తెలుగు కాదు.

మా ఆవిడ: కాదు.

మాస్టారు: మరి అది తెలుగు వక్తృత్వ పోటీ కదే! హిందీలో మాట్లాడినవాడికి తెలుగు పోటీలో బహుమతి ఇస్తామా? నువ్వే దాన్ని వేరే భాషంటివి, నిఘంటువుందంటివి, వ్యాకరణముందంటివి. నీ వాదన నిన్నే కట్టేస్తోంది చూడు.

(నాకు తెలిసి ఈ ఇంట్లో మా ఆవిడ మాటకు తడుముకోవడం అరుదు. ఆ రోజు తడుముకుంది. వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చింది.)

మా ఆవిడ: ఇది నిజమే. కరపత్రంలో ‘తెలుగు’ అని ఉండకూడదు. ‘ప్రసంగ పోటీ’ అనాలి. పిల్లలు ఏ భాషలో మాట్లాడుకుంటారో ఆ భాషలో.

మాస్టారు: అలా అను. ఇప్పుడు రెండోది. ఇదింకా కష్టమైంది, అందుకే దాచుకున్నాను. విషయానికి వాడికి ముప్పైకి ఇరవై ఏడు వేశాను. పోటీ మొత్తంలో అదే ఎక్కువ. మిగతా పిల్లలందరూ సెల్‌ఫోన్ శాపమే అన్నారు, కళ్లు పోతాయి, చదువు పోతుంది అంటూ. వీడొక్కడే వరమన్నాడు. ‘మా హాస్టల్లోంచి మా అక్కతో మాట్లాడాలంటే ఇంతకుముందు ఉత్తరమే. ఇప్పుడు వీడియో కాల్‌లో చేతులతో పోట్లాడుకుంటాం’ అన్నాడు. హాలంతా నవ్వింది. ముప్పై ఏళ్లుగా ఈ అంశం మీద ప్రసంగాలు వింటున్నాను, అప్పట్లో సెల్‌ఫోన్ బదులు టీవీ అనుకో. ఇలాంటి మాట ఒక్కడూ అనలేదు. కానీ అమ్మాయ్, ఆ మాట నాకు వినపడింది నీ గొంతులో. ‘పోట్లాడుకుంటాం’ అన్న చోట ఆగి, చిన్నగా నవ్వి చెప్పావు. ఆ విరుపు వాడిదా, నీదా?

మా ఆవిడ: ...వాడిదే. వాడు కూడా అక్కడ ఆగాడు.

మాస్టారు: ఇంకోటి. ‘కొండంత కబురు గుప్పిట్లో పట్టింది’ అన్నావు. సైగల భాషలో కొండంత కబురు ఉందా?

మా ఆవిడ: లేదు.

మాస్టారు: మరి?

మా ఆవిడ: వాడు ‘ఫోన్ చిన్నది, లోపల పెద్ద పెద్ద వార్తలు’ అన్నాడు. చేతుల్తో చిన్నది చూపించి, అందులోంచి పెద్దది ఉబికి వస్తున్నట్టు చేశాడు. అది సైగలో చాలా బాగుంటుంది బాబాయ్. ఆ బాగు తెలుగులో రావాలంటే ఏదో ఒకటి అనాలి కదా. నోటికి అదొచ్చింది.

మాస్టారు: నిన్ను తప్పు పట్టడం లేదు. మంచి అనువాదమే. కానీ నీ తెలుగు నేను నేర్పిందే. నేను ముప్పైకి ఇరవై ఏడు వేసింది నా శిష్యురాలి తెలుగుకేమోనని అనుమానం. నీ చోట తడబడే అనువాదకురాలు ఉంటే ఆ పిల్లాడికి ఇరవై కూడా రాదు. పక్క జిల్లా నుంచి వచ్చి సైగలతో మాట్లాడిన పిల్లకు ఎవరున్నారు? ఎవరో అటెండరు వచ్చి ‘ఇలా అంటోందండి, అలా అంటోందండి’ అన్నాడు. ఆ పిల్ల ఏం మాట్లాడిందో దేవుడికెరుక. అదిగో, ఆ పిల్లకు అన్యాయం జరిగింది. నీవాడికి కాదు.

ఈ మాటకు మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. నేను చెప్పేదొకటే: పోటీ అయ్యాక ఇంటికొచ్చి ఆవిడ కూడా ఆ పక్క జిల్లా పిల్ల గురించే మాట్లాడింది. మూడో స్థానం గురించి కాదు. కానీ బాబాయి ముందు అది ఒప్పుకోవడానికి టైం పట్టింది.

మా ఆవిడ: సొంత బడి పిల్లాడికి సొంత టీచరు అనువదించకూడదు. అది నా తప్పు. అడిగినప్పుడు వేరేవాళ్లు దొరకలేదు, ఒప్పుకున్నాను. బయటి అనువాదకులు ఉండాలి, అందరు పిల్లలకూ వాళ్లే ఉండాలి. ఆ పిల్లలతో ఓ గంట ముందే కూర్చోవాలి.

మాస్టారు: మరి ఇంత తంటా దేనికి? నోటితో మాట్లాడే పిల్లలకు ఒక పోటీ, సైగల పిల్లలకు ఒక పోటీ, విడివిడిగా పెడితే పోలా? వీణనూ మృదంగాన్నీ పక్కపక్కన పెట్టి ఏది బాగా పాడిందని అడిగితే ఎలా?

మా ఆవిడ: అలా విడదీస్తే ఏమవుతుందో చెప్పనా? కలెక్టరుగారు మొదటి పోటీకి వస్తారు. రెండోదానికి ఫోటోకి వస్తారు. పేపర్లో ‘విధిని ఎదిరించి మాట్లాడిన చిన్నారి’ అని ఆ అమ్మాయి ఫోటో పడింది. మావాడి పేరు కూడా లేదు. ఒకే పోటీలోనే ఇలా ఉంటే, రెండు చేస్తే?

మాస్టారు: ఆ అమ్మాయిని అనకు. ఆ పిల్ల సంగతి నీకు పూర్తిగా తెలీదు. వాళ్లమ్మ నాతో మాట్లాడింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషనయింది. ఆపరేషనయితే అయిపోయిందా? చెవి లోపలికి తీగ పెడతారు, అది నాడికి కరెంటు సంకేతాలు పంపిస్తుంది. ఆ పిల్లకు మొదట్లో అంతా గరగరే. ఆ గరగరలోంచి ‘అమ్మ’ అన్న మాట ఏరుకోవడానికి నెలలు పట్టిందిట. వారానికి రెండుసార్లు పిల్లను చంకనేసుకుని బస్సులో స్పీచ్ థెరపీకి. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చోబెట్టి ‘స’ వేరు, ‘శ’ వేరు. ‘శాపం’ అన్న మాట ఆ పిల్ల ఎంత చక్కగా పలికిందో విన్నావా? మన న్యూస్ రీడర్లకు రాదు ఆ ‘శ’. నేను ఇరవైకి పద్దెనిమిది వేశాను. అది జాలి కాదు. ఆ తల్లి కూలికి వెళ్తుంది. పిల్ల కిరాణా కొట్టుకు వెళ్తే కొట్టువాడికి సైగలు రావు. రేపు పిల్ల బస్సెక్కితే కండక్టరుకు రావు. పదిమందిలో నెగ్గుకురావాలంటే నోటిమాట కావాలని ఆ తల్లి అనుకుంటే తప్పా? ఈ లోకంలో సైగలు చేసుకుంటూ కూర్చుంటే చెవిటివాడి ముందు శంఖం...

ఆయన ఆపేశారు. నా పేపరు కూడా కాస్త కిందికి దిగింది.

మాస్టారు: ...నోటికొచ్చేసింది. క్షమించు.

మా ఆవిడ: రోజూ వింటాం బాబాయ్. మా బడికి వచ్చిన ముఖ్య అతిథి ఒకాయన, పిల్లల ముందు నిలబడి, మైకులో ఆ సామెతే అన్నాడు. నేనే అనువదించాలి. వేరే ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంకో అబద్ధం, రాసుకో.

ఆ తల్లి తప్పేమీ లేదు. ఆ పిల్ల ‘శ’ నాకూ తెలుసు. నేనా పిల్లకు వ్యతిరేకం కాదు. కానీ నువ్విప్పుడన్న మాట, పదిమందిలో నెగ్గుకురావాలంటే నోరే కావాలన్న మాట, 1880లో ఇటలీలో మిలాన్‌లో అన్నారు. బధిరులకు చదువు చెప్పే టీచర్ల ప్రపంచ సభ. నూట అరవై నాలుగు మంది ప్రతినిధులు. అందులో చెవులు వినపడనివాడు ఒక్కడు. బడిలో సైగలు ఆపేయాలి, నోటిమాటే నేర్పాలి అని తీర్మానం చేశారు. తరవాత వందేళ్లపాటు బోలెడు దేశాల్లో పిల్లలు సైగ చేస్తే చేతుల మీద కొట్టారు. నోటిమాట పట్టుబడనివాళ్లకు అటు మాటా లేకపోయింది, ఇటు సైగా లేకపోయింది. 2010లో అదే సభ కెనడాలో వాంకూవర్‌లో కూర్చుని, మిలాన్ తీర్మానాలు తప్పు, విచారిస్తున్నాం అని రాసిచ్చింది. నూట ముప్పై ఏళ్లకు.

నా బాధల్లా ఇదీ. ఆ అమ్మాయికి పద్దెనిమిది రావడం కాదు. నోటితో మాట్లాడినవాళ్లకే ‘శభాష్’ అంటే, ఇంటికెళ్లి తల్లిదండ్రులు ఏమనుకుంటారు? మావాడి తల్లి ఆ రోజు వచ్చింది. ఆవిడకు సైగలు రావు. తినమనడానికి, పడుకోమనడానికి ఇంట్లో నాలుగు గుర్తులు పెట్టుకున్నారు, అంతే. చెవులు వినపడని పిల్లల్లో చాలామంది వినపడే తల్లిదండ్రులకే పుడతారు. వాళ్లక్కకూ వినపడదు కనక వాళ్లిద్దరికీ భాష ఉంది, తల్లికి లేదు. పోటీ అయ్యాక నా దగ్గరకొచ్చి, ‘మావాడు ఇన్ని మాటలు మాట్లాడతాడా అమ్మా’ అంది. ‘అక్కతో పోట్లాడతాడా? దేనికి?’ అని అడిగింది.

మాస్టారు కండువాతో కళ్లజోడు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదని చెప్పను.

మాస్టారు: సరే. ఇతర దేశాల్లో ఎలా చేస్తారో చెప్పు. నీకు తెలిసే ఉంటుంది.

మా ఆవిడ: అమెరికాలో, కెనడాలో ఆప్టిమిస్ట్ క్లబ్బులని ఉన్నాయి, మన రోటరీ, లయన్స్ లాంటివి. పిల్లలకు వక్తృత్వ పోటీలు 1928 నుంచీ పెడుతున్నారు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు వేరే పోటీ కూడా ఉంది. అందులో నోటితో మాట్లాడొచ్చు, సైగలతో చెప్పొచ్చు, రెండూ కలిపీ చెయ్యొచ్చు. పిల్లలిష్టం. ఆడియాలజిస్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గెలిస్తే 2,500 డాలర్ల స్కాలర్‌షిప్. దాని పేరు చూడు, ‘వక్తృత్వం’ కాదు, ‘కమ్యూనికేషన్’ పోటీ అన్నారు.

మాస్టారు: పేరు తెలివిగా పెట్టారు. కానీ అది కూడా వేరే పోటీయేగా! మామూలు పిల్లల పోటీలో కలపలేదుగా!

మా ఆవిడ: కలపలేదు. అది నాకూ పూర్తిగా నచ్చదు. వేరే గది ఇచ్చి, బాగుంది కదా, ఇక్కడే ఆడుకోండి అన్నట్టుంటుంది. 2023లో మన సుప్రీంకోర్టులో సారా సన్నీ అని ఒక బధిర న్యాయవాది సైగలతో వాదించింది. అనువాదకుడు ఆ సైగలను కోర్టుకు మాటల్లో చెప్పాడు. చెవిటి లాయర్లకు వేరే కోర్టు పెట్టారా? అదే కోర్టు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారి బెంచే.

మాస్టారు: బాగా దొరికావు. కోర్టులో గొంతుకు మార్కులుండవు. వాదనలో సరుకుంటే చాలు.

మా ఆవిడ: అయితే వక్తృత్వంలో కూడా సరుకు చూడు!

మాస్టారు: చూడను. సరుకొక్కటే అయితే వ్యాసం రాయించుకుంటే పోయె. వక్తృత్వమంటే సరుకును సభ ముందు నిలబెట్టే తీరు. గొంతో, చెయ్యో, కన్నో, ఏదో ఒకటి పలకాలి. ఆ పలికే తీరును పోల్చాలంటే ఒక కొలత కావాలి. ఇందులో నేను తగ్గను. పోటీ ఒకటే కావచ్చు, వేదిక ఒకటే కావచ్చు, సైగకు ఒక బహుమతి, నోటికి ఒక బహుమతి. కలెక్టరు ఇద్దరికీ ఒకే పీట మీద ఇవ్వాలి.

మా ఆవిడ: జపాన్‌లో ఇంకో రకం ఉంది. హైస్కూలు పిల్లలకు జాతీయ స్థాయిలో సైగల ప్రసంగ పోటీ, 1980ల నుంచీ. చెవులు బాగా వినపడే పిల్లలు సైగలు నేర్చుకుని మరీ వస్తారు. రాజకుటుంబం వాళ్లు వచ్చి కూర్చుంటారు. టొట్టోరి అని ఒక జిల్లా లాంటిది, 2013లో సైగల భాషకు సొంత చట్టం చేసుకుని, ఆ మరుసటేడు నుంచీ హైస్కూళ్లకు సైగల ప్రదర్శనల పోటీ పెడుతోంది. నువ్వు వేరే బహుమతి అంటే నేనిదడుగుతాను. మీ హైస్కూలు పిల్లలు సైగల బహుమతికి పోటీ పడొచ్చా?

మాస్టారు: పడొచ్చు. ఓడిపోతారు.

మా ఆవిడ: ఓడిపోవాలనే!

(మొదటిసారి ఇద్దరూ కలిసి నవ్వారు. నాకు రెండో పెసరట్టు దక్కింది.)

మాస్టారు: కానీ అసలు ముడి విప్పలేదు. తీర్పు చెప్పేదెవరు? నువ్వన్నట్టు నాకు ఆ భాష రాదు. ఈ వయసులో నేర్చుకోమన్నా అఆలు దాటను.

మా ఆవిడ: బధిరులే చెప్పాలి. మా బడి పాత విద్యార్థులు ఉన్నారు. ఒకాయన బ్యాంకులో చేస్తున్నాడు. ఇంకొకావిడ ఢిల్లీ కేంద్రం వాళ్ల డిప్లొమా చేసి సైగల భాష నేర్పుతోంది. ఆ డిప్లొమా బధిరులకోసమే పెట్టారు. ఇలాంటివాళ్లని ఇద్దర్ని నీ పక్కన కూర్చోబెట్టు. సైగ మార్కులు వాళ్లు వేస్తారు, విషయం మార్కులు నువ్వూ వాళ్లూ కలిసి వెయ్యండి. అమెరికాలో గాలొడెట్ విశ్వవిద్యాలయం బధిరులకోసమే 1864లో పెట్టిన కాలేజీ. నూట ఇరవై నాలుగేళ్లు అధ్యక్షులందరూ వినపడేవాళ్లే. 1988లో మళ్లీ వినపడే ఆవిణ్ణే వేశారు, ఆవిడకు సైగలు కూడా రావు. పిల్లలు గేట్లకు తాళాలు వేసి వారం రోజులు కూర్చున్నారు. ఆవిడ తప్పుకుంది. ఐ. కింగ్ జోర్డన్ అని బధిరుడు మొదటిసారి అధ్యక్షుడయ్యాడు. నేను నీ కుర్చీకి తాళం వెయ్యమనడం లేదు. కాస్త పక్కకు జరగమంటున్నాను.

మాస్టారు: జరుగుతాను. కానీ ఆ రోజు ఇంకో తప్పు కూడా చేశాను, ఎవరికీ చెప్పలేదు. నీ శిష్యుడు దిగగానే పిల్లలందరూ చేతులు పైకెత్తి గాల్లో ఆడించారు. అల్లరి చేస్తున్నారనుకుని కూర్చోమని గదిమాను.

మా ఆవిడ: అవి చప్పట్లు బాబాయ్.

మాస్టారు: తరవాత తెలిసింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు కాఫీ తాగుతూ మళ్లీ గంట దగ్గరికే వచ్చారు. గంట ఆయనకు ప్రాణం. అవధానాల్లో గంటలు కొట్టే పృచ్ఛకుడిగా ఆయనకు చుట్టుపక్కల మంచి పేరుంది. అవధాని పద్యం అల్లుకుంటూ ఉండగా ఆయన ఉన్నట్టుండి గంటలు కొడతారు. ఎన్ని కొట్టారో అవధాని చివర్లో చెప్పాలి.

మాస్టారు: కాగితాలు చూపించడం బాగుండదే. వక్త కాగితం వంక చూస్తే ధార తెగిపోతుంది. గంటైతే చెవిన పడుతుంది, చూపు సభ మీదే ఉంటుంది.

మా ఆవిడ: అవధానంలో గంటలొక్కటేనా ఉండేది? పుష్ప గణనం లేదూ?

మాస్టారు: ఉంది. వీపు మీద పూలు విసురుతారు, అవధాని తగిలినవి లెక్కపెట్టుకుంటాడు.

మా ఆవిడ: చూపు సభ మీదే ఉంటుందా?

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. ఆ తరవాత పెసరట్టు మళ్లీ వేడిగా వేయించుకుని తిన్నారు.

పూలు విసరడం కుదరదని తరవాత ఆయనే తేల్చారు. వేదిక ముందు అంచున, వక్త చూపు సభ మీద ఉండగానే కనపడేలా, చిన్న ఎర్ర బల్బు పెట్టించాలన్నారు. నాలుగో నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో రెండుసార్లు వెలగాలి. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడారు. ఈ ఏటి మార్కుల కాగితం ఆయన చేత్తో రాసింది మా ఇంట్లో ఉంది. ఉచ్చారణ అన్న చోట కొట్టేసి ‘పలుకు: నోట లేక చేత’ అని రాశారు. ఇద్దరు బధిర న్యాయనిర్ణేతల పేర్లు రాసి, తన పేరు మూడోది చేశారు. కరపత్రంలో ‘తెలుగు’ తీసేశారు. బహుమతి ఒకటా, రెండా అన్నది మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. దాని గురించి ప్రతి ఆదివారం పోట్లాడుకుంటున్నారు.